బెదురు పాలు

“మామ్మా, మా అమ్మ నన్ను ఎలుగుబంటికి వదిలీసి పారిపోనాదంట కదా. నిజవేనా?”

నిజవే.

ఏటలా సూత్తన్నావు? కూకో. ఆ సంచీ కింద పెట్టు ముందు. పారిపోనాది, నిజవే. నీకు అబద్దం సెప్పి నానేటి మూట కట్టుకుంటాను? ఎవులన్నారు నీతో? టెక్కలి బస్సులోనేనా? సీటుకాడ తగువా? ఓలమ్మో, సీటుకాడ తగువొత్తే సీటు గురించి తిట్టుకోవాల గానీ తల్లిని లాగడమేటి మద్దెలోకి! ఆ గుంట ఎవులి మనవరాలో నాకు తెలుసులే. నువ్వు పేరు సెప్పకపోనా తెలుసు. ఆల్ల మామ్మ కూడా ఆరోజు ఆ తోటలోనే ఉంది. అదీ పరిగెట్టినాది. మీ అమ్మకంటే ముందే రోడ్డెక్కీసినాది. ఆ ముక్క మాత్రం ఇంట్లో సెప్పుండదు.

ఏడవకు. ఏడిసే మాట కాదిది. మొత్తం సెప్తాను, మద్దెలో లేవకు. మీ అమ్మని అడిగితే సెప్పదు. దానికి సిగ్గని కాదు. ఒకసారి ఊరందరి ముందర సెప్పీసినాది, ఇంక సెప్పాల్సిన పని లేదనుకున్నాది గావాల.

అప్పటికి నీకు ఏడాది దాటినాది. నాలుగడుగులేసి కూలబడిపోయీదానివి. పాలు మానలేదింకా. మీ తాత పోయిన మరుసటేడది. పాపం కాల్లు వాసీవి, మొకం వాసీది, ఒకలు నీల్లు పడలేదనీవోలు, ఒకలు గాలి తగిలిందనీవోలు. కిడ్నీ అన్న మాట అప్పుడు మాకెవులికీ తెలీదు, ఇప్పుడైతే మన ఉద్దానంలో సంటిపిల్లలు కూడా అంటన్నారు. సరే, ఆయన మాట ఇప్పుడొద్దు, మల్లీ అటెలిపోతాను. మీ నానేమో గుజరాతు ఎలిపోనాడు, వేరావలు బోట్లకి. మన సముద్రం ఎండిపోనాదేట్రా, ఆల్ల సముద్రంలో ఏట సెయ్యడమేటని నానడిగితే నవ్వీవోడు. అక్కడ నెల జీతం వస్తాది కదమ్మా అనీవోడు. నిజవేలే. ఇక్కడ తెప్పేసుకెల్తే ఓ రోజు సేప పడతాది, పది రోజులు పడదు.

ఇంట్లో మనం ముగ్గురం ఆడోలమే. నాను ఎండుసేపలు బుట్టలో ఎట్టుకుని కాశీబుగ్గ సంతకెల్లీదాన్ని. కండక్టరు బుట్ట సూసి మొకం తిప్పుకునీవోడు, ఎనక్కెల్లు, ఎనక్కెల్లు అని అరిసీవోడు. ఇంటికెల్లినాక ఆడు తినీది ఏటి మరి, సెనగలా? నాను గట్టిగా అడిగీదాన్ని. బస్సంతా నవ్వీది. మీ అమ్మేమో జీడితోటల్లో కూలికెల్లీది. పండు రాలే రోజుల్లో పొద్దున్నే ఎల్లి, రాలిన పండు కాడ్నించి జీడిపిక్క మెలిదిప్పి తీసి బుట్టలో ఎయ్యాల. ఆ కూలి ఇప్పుడు నువ్వు టీ తాగి బిస్కెట్టు తింటే అయిపోతాది. అప్పుడు దాంతో ఇల్లు నడిసీది.

ఇంతకీ ఒక సంగతి మర్సిపోనాను. మీ అమ్మది ఇక్కడి ఊరు కాదు కదా, భావనపాడు వేపు. అటంతా ఇసకే. తోటల్లేవు, ఎలుగుల్లేవు. పెల్లయి వచ్చిందాకా అది ఎలుగుబంటిని సూసిన పాపాన పోలేదు. మనకైతే ఎలుగంటే ఊరి మనిసి కింద లెక్క. పనసపండు పండితే వాసనకొస్తాది, జీడిపండు రాలితే వస్తాది. అందుకే మనోలు తోటకెల్తే కేకలేసుకుంటా, డబ్బా మోగిచ్చుకుంటా ఎల్తారు. మీ అమ్మకి ఆ అలవాటు లేదు. కొత్తకోడలు, గట్టిగా అరిత్తే అత్తోరింటి పరువు పోతాదని మాటాడకుండా పని సేసుకునీది. నానైనా సెప్పాల కదా, డబ్బా పట్టుకెల్లవే అని. అందరితో కలిసే ఎల్తంది కదా అనుకున్నాను.

ఆరోజు నాను సంతలో ఉన్నాను. నాను సూడలేదు. ఆల్లూ ఈల్లూ సెప్పింది, మీ అమ్మ ఊరి ముందర సెప్పింది, రెండూ కలిపి సెప్తన్నాను. నిన్ను పాత సీరతో కొమ్మకి ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టినాది. జీడిసెట్టు కొమ్మ ఎంతెత్తుంటాదేటి, మోకాలెత్తుకి ఏలాడతన్నాది ఉయ్యాల. నువ్వు నిద్దరోతన్నావు. మిగతా ఆడోలు ఓ పక్కకెల్లినారు. మీ అమ్మ వంగుని పిక్కలు తీత్తంది. ఎనకాల ఆకులు గలగలమంటే కుక్కనుకున్నాది. తిరిగి సూసీసరికి నల్లగా, గుబురుగా, ఇంత మొకవేసుకుని, అది రెండు కాల్ల మీద లెగిసినాది.

పరిగెట్టీసినాది మీ అమ్మ.

అంతే మరి. అరవనైనా అరవలేదంట. బుట్ట ఎక్కడో, సెప్పులు ఎక్కడో. ఎలుగు కూడా కొంతదూరం ఎనకాల ఎల్నాది, తరవాత ఆగిపోనాది, దానికి కావాల్సింది పండు కదా. మిగతా ఆడోలు దీన్ని సూసి ఆల్లూ పరుగు. అందరూ తారు రోడ్డెక్కీసినారు. అందరూ ఒకలెనకాల ఒకలు ఆయాసపడతన్నారు. అప్పుడు ఒకావిడ అన్నాదంట, ఓలమ్మో, పిల్లేదే, అని.

మీ అమ్మ సెయ్యి సూసుకున్నాదంట. సంకలో నువ్వున్నావేమోనని సెయ్యి సూసుకున్నాది.

మరి అప్పుడు ఎనక్కి తిరిగినాది. ఎల్లొద్దే, మగోల్ని పిలుద్దాం, డబ్బాలు తెద్దాం అని పైట పట్టుకుని లాగినారు. పైట సిరిగి ఆల్ల సేతిలోనే ఉండిపోనాది. ఇది తోటలోకి ఎలిపోనాది. ఒక్కతే. ఈసారి అరుసుకుంటా ఎల్నాది. ఎలుగు ఎక్కడుందనుకున్నావు? నీ ఉయ్యాల కాడే. నిన్నేం సెయ్యలేదు, కింద పండ్లు తింటన్నాది, నువ్వు ఇంకా నిద్దరలోనే ఉన్నావు. ఏం నిద్దరే నీది, ఇప్పటికీ అంతే, కాలేజీకి లేపడానికి నా పేణం పోతాది. మీ అమ్మ ఎల్లి ఉయ్యాలలోంచి నిన్ను లాగీసినాది. లాగినప్పుడు అది మీదికొచ్చి పంజా ఇసిరినాది. మీ అమ్మ ఎడం సేతి మీద గీతలుంటాయి సూడు, మోసేతి కాడ్నించి మనికట్టు దాకా. కొబ్బరిమట్ట గీసుకుందని సెప్పినాది కదా నీతో? కొబ్బరిమట్ట కాదది. నిన్ను ఆ సేతి కింద దాసుకున్నాది. గీతలు దాని సేతి మీద పడ్డాయి.

అప్పటికి మగోలు డబ్బాలు కొట్టుకుంటా వచ్చినారు, ఎలుగు ఎలిపోనాది.

ఇదే జరిగింది. మరి ఇందులో తప్పేటుందంటావు? నువ్వంటే సదువుకున్నావు. ఊరేటన్నాదో సెప్తాను ఇను.

నాను సంత నుంచి వచ్చీసరికి ఇంటినిండా జనం. మీ అమ్మ గోడకానుకుని కూకుంది, సేతికి గుడ్డ కట్టున్నాది, రగతం గుడ్డ దాటి వత్తన్నాది. నువ్వు లేవు. పిల్లేదే అని అరిసినాను. మా తోటికోడలు, మీ పెద్దమామ్మ, నిన్ను ఆల్లింటికి తీసుకుపోనాది. ఎందుకంటే బెదురు పాలంట.

నీకు తెలీదా? మనోల్లో ఒక నమ్మకముంది. తల్లి బెదిరిపోతే ఆ బెదురు పాలల్లోకి దిగుతాదంట. ఆ పాలు తాగితే బిడ్డ పిరికిదవుతాదంట. సముద్రం మీద బతికీ జాతి కదా, పిరికితనం ఇంట్లోకి రాకూడదు. అందుకని అమాస ఎల్లేదాకా బిడ్డని తల్లికి దూరంగా ఉంచాల, తల్లి పాలు గోడకి పిండీయాల. ఆడపిల్లకైనా సరే, ఆడపిల్లకే మరీను, రేపు దాని కడుపున పుట్టీవోడు తెప్పెక్కాల కదా అనీవోలు. ఇంకో ఇచిత్రం ఇను. నీ మొలతాడుకి అప్పటికే ఒక తాయెత్తుంది. అందులో ఏటుందో తెలుసా? ఎలుగుబంటి ఎంట్రుక. పిల్లలు దడుసుకోకుండా కడతాం కదా. అందుకే ఎలుగు పక్కనున్నా ఏడవలేదని నిన్ను ముద్దెట్టుకున్నారందరూ. మరి మీ అమ్మ మొలకి ఎవులైనా ఏదైనా కట్టినారేటి? దాన్నెవులూ అడగలేదు.

బెదురు పాల సంగతి అమాసతో పోతాది, బాగానే ఉంది. మా తోటికోడలు అంతటితో ఆగలేదు. నీల్లరేవు కాడ, సేపల పాటకాడ, ఒకటే మాట. తరవాత ఎనక్కి ఎల్నాది కదే అని ఎవులైనా అంటే ఏటన్నాదంటే, మొదట పడ్డ అడుగే మనసమ్మా, ఎనక్కి పడ్డ అడుగు సిగ్గుతో పడ్డాది, జనం సూత్తన్నారని ఎల్నాది అన్నాది. ఆ మాట ఊరందరికీ నచ్చీసినాది. మాట బాగుంది కదా మరి. మాట బాగుంటే నిజం అనుకుంటారు జనం. అలాటి తల్లికాడ బిడ్డెందుకు, మొగుడొచ్చేదాకా పుట్టింటికి పంపీండి అన్నారు. పుట్టింటికెల్తే మరి రానిత్తారేటి? పుల్లేసి పొగెట్టీవోలు పదిమందుంటే ఆర్పీవోడు ఒక్కడుండడు.

నాను మొదట ఏటీ అనలేదు. బుర్ర పని సెయ్యలేదు నాకు. ఒకపక్క మనసులో నాకూ అనిపించినాది, నిజం సెప్తన్నాను, పిల్లనెలా మర్సిపోనాదే ఇది అని. 

రెండోరోజో మూడోరోజో, సాయంత్రం, మీ పెద్దమామ్మ ఇంట్లో నువ్వు ఏడుపందుకున్నావు. రెండిల్ల అవతల. డబ్బాపాలు పట్టలేదు నీకు. ఆ ఏడుపు ఇనిపించీసరికి మీ అమ్మ రవిక తడిసిపోనాది. నా కల్లతో సూసినాను. అది కదల్లేదు, ఏటీ సెయ్యలేదు, గోడకానుకుని కూకునే ఉంది. పాలు వాటంతటవే కారిపోతన్నాయి. పైట కప్పుకున్నాది, పైటా తడిసిపోనాది. లెగిసి పెరట్లోకెల్లి గోడకి పిండుకున్నాది, ఆల్లు సెప్పినట్టే. పిండుకుంటా ఏడిసినాది. సీమలు బారులు కట్టీసినాయి గోడమీద.

ఏడిత్తే గానీ తల్లయినా పాలివ్వదంటారు. ఇక్కడ బిడ్డేడుత్తంది, పాలొత్తన్నాయి, మద్దెలో ఊరు అడ్డం నిలుసున్నాది. అప్పుడు నాకు ఒల్లు మండిపోనాది. ఆ గోడకాడ నిలబడి అనుకున్నాను. ఓసి పిచ్చిదానా, పాలు రమ్మని ఇది పిలిసినాదేటి? పిలవలేదు. ఒల్లు ఇచ్చినాది. మరి పరిగెట్టమని ఇది కాల్లకి సెప్పినాదేటి? అదీ సెప్పలేదు. పాలిచ్చింది ఆ ఒల్లే, పరిగెట్టింది ఆ ఒల్లే. ఒకదానికి దండం ఎట్టి, ఇంకోదానికి ఉమ్మేత్తే ఎలాగ? కడుపులో నొప్పి తీసినప్పుడు మనం ఆపగలమా? కంట్లో ఇసక పడితే రెప్ప మనల్ని అడిగి మూసుకుంటాదా? 

ఆ మర్నాడే పెద్దలు కూకున్నారు, ఒడ్డున, తెప్పలకాడ. సేపలు కొనీవోలు ఎలిపోయిన తరవాత. పెద్దంటే ఎవులు, మా బావే, మీ పెద్దతాత. మీ తాతకి అన్న. పెద్ద సరంగు ఆయన, నీటి రంగు సూసి సేపెక్కడుందో సెప్పీవోడు. కుడికాలు కొద్దిగా కుంటీది. మంచోడే. ఒకలి మీద కోపంతో తీర్పు సెప్పీవోడు కాదు. ఆడోలం ఎనకాల కూకున్నాం. మామూలుగా ఆడోలు మాటాడరక్కడ. అందులోనూ బావ ముందర మరదలు తలెత్తి మాటాడితే ఊరు ఊరుకోదు.

ఆయన ఒక దారి సూపించినాడు. మంచి మాటే అనుకున్నాడు పాపం. అమ్మీ, ఎలుగు నీ ఎనకాల వచ్చినాది కదా, పిల్ల కాడ్నించి దాన్ని దూరంగా లాక్కెల్దామనే నువ్వు పరిగెట్టినావు, అవునా, అలాగని ఒక్క మాట సెప్పీ, గంగమ్మతల్లికి కోడి కోసీసి ఈ గొడవ ఇక్కడితో వదిలీద్దాం, అన్నాడు. జనం కూడా అవునవును అన్నారు. అందరికీ ఇల్లకెల్లాలని ఉంది, సీకటి పడతన్నాది.

అవునంటే అయిపోను. ఒక్క మాట. దేవతైపోయీది మీ అమ్మ. పిల్లకోసం ఎలుగుని ఎంటేసుకుని పరిగెట్టిన తల్లని పాటలు కట్టీవోలు.

మీ అమ్మ లెగిసినాది. కట్టు కట్టిన సెయ్యి రెండో సేత్తో పట్టుకుని, “లేదు మావా,” అన్నాది. “అబద్దం సెప్పలేను. నాకు భయమేసినాది. పిల్ల మాటే గుర్తులేదు నాకు. రోడ్డెక్కినాక గుర్తొచ్చినాది. గుర్తొచ్చినాక మరి ఆగలేదు.”

అని కూకున్నాది.

గొల్లుమన్నారు జనం. ఇన్నారా, పిల్ల గుర్తులేదని దాని నోటితోనే అంటన్నాది, అని మా తోటికోడలు సేతులు తిప్పినాది. నాకు ముందు కోపమొచ్చినాది, ముండా, దారి సూపిత్తే ముల్లలోకి దిగుతావేటే అని. తరవాత ఒక్క నిమిసంలో ఆ కోపం అటు తిరిగిపోనాది. ఇంతమందిలో, ఇల్లు పోతాది, బిడ్డ పోతాదని తెలిసి నిజం సెప్పినాది ఇది. ఇది పిరికిదా? దీన్ని పిరికిదంటారా?

లెగిసినాను. కొంగు నడుంకి సుట్టినాను.

బావా, అన్నాను. తప్పైతే తరవాత తన్నండి, ముందు ఇనండి, అన్నాను. తెప్ప కెరటం మీద తిరగబడితే ఎటు దూకాల? అని అడిగినాను. నానే సెప్పినాను. సముద్రం వేపు దూకాల. ఒడ్డు వేపు దూకితే కెరటం తెప్పని తెచ్చి నెత్తిమీదేత్తాది. పాలు తాగే వయసు నుంచీ సెప్తాం కదా మన గుంటలకి. మరి మొదటిసారి తిరగబడినప్పుడు ఎటు దూకినారు మీరు? ఒక్కొక్కలూ గుండెమీద సెయ్యేసుకుని సెప్పండి. ఒడ్డుకి దూకని మగోడు ఎవుడైనా ఉంటే ఇలా రండి, నా కోడల్ని నానే బస్సెక్కిత్తాను, అన్నాను.

ఎవులూ రాలేదు. ఒకడు గడ్డం గోక్కుంటన్నాడు, ఒకడు వల సూత్తన్నాడు.

అప్పుడు బావ వేపు తిరిగినాను. ఇప్పటికీ తలుసుకుంటే నాకే ఆశ్చర్యం, ఆ నోరు నాకెక్కడిదోనని. బావా, ఆ కాలు ఎలాగిరిగినాదో మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా? అన్నాను. దుంగ దొర్లి పడ్డాదని సెప్పుకునీవోడాయన, అందరికీ. ఎలా ఇరిగిందో ఊర్లో ముసిలోలందరికీ తెలుసు. ఒడ్డు వేపు దూకితే తెప్పొచ్చి కాలుమీద పడ్డాది. పైగా ఆరోజు తెప్పమీద ఆయన తమ్ముడున్నాడు, మీ తాత, సిన్న గుంటడు. తమ్ముడు గుర్తులేడాయనకి. నీల్లలోంచి లెగిసినాక గుర్తొచ్చినాడు, ఇరిగిన కాలుతోనే మల్లీ కెరటంలోకి దిగి లాక్కొచ్చినాడు. మీ తాత నాకు ఎన్నిసార్లు సెప్పినాడో. సెప్పినప్పుడల్లా మా అన్న దేవుడనీవోడు. నన్నొదిలీసి దూకినాడని ఒక్కసారైనా అనలేదు.

అదే అన్నాను. మీ తమ్ముడు మిమ్మల్ని దేవుడన్నాడు బావా. మరి నా కోడల్నేటనాల? మొదట అడుగు మనసంటన్నాది మీ ఇంట్లో అక్క. మొదట అడుగు ఒంటిది. ఒల్లు అడగదు, దూకీత్తాది, పరిగెట్టీత్తాది. ఒల్లు అలా లేకపోతే మనం ఇన్నాల్లు బతకం కదా, సముద్రం పక్కన! రెండో అడుగే మనిసిది. గుర్తొచ్చినాక ఎటెల్నాదో అది సూడండి. సముద్రం వేపు దూకడం మీకు ఏల్ల తరబడి నేర్పినారు. దీనికి ఎలుగు సంగతి ఎవులు నేర్పినారు? ఎవులూ నేర్పకుండానే ఎనక్కి ఎల్నాది!

మీ పెద్దతాత తల దించుకుని ఇసకలో పుల్లతో గీత్తన్నాడు. అందరూ ఆయనకేసే సూత్తన్నారు. తరవాత తలెత్తకుండానే, పిల్లని దాని తల్లికిచ్చీండి, అన్నాడు.

మా తోటికోడలు ఇవ్వదే! అమాస ఎల్లనీ, బెదురు పాలు పడతారేటి, పిల్ల పిరికిదైపోదా, అని నిన్ను గట్టిగా పట్టుకున్నాది. నాను ఎల్లి లాగీసుకున్నాను. ఆల్లింట్లో తిరగలి తిప్పిన సేతులవి, నావి బుట్ట మోసిన సేతులు, ఎవులు గెలుత్తారు మరి! తెచ్చి మీ అమ్మ ఒల్లో పడీసినాను. ఇవ్వే పాలు, ఇక్కడే, అందరి ముందరే ఇయ్యి, అన్నాను. అది సముద్రం వేపు తిరిగి మోకు సుట్ట మీద కూకున్నాది. నువ్వు రవిక లాగుతా లాగుతా పట్టీసినావు. గుటకల సప్పుడు ఇనిపించినాది నాకు. మగోలు తలకాయలు అటు తిప్పుకున్నారు. పిరికిదైతే అవనీ! అన్నాను మా తోటికోడలుతో. పిరికిదైనా బతికుంటాది కదే అక్కా, కడుపునిండా తాగి బతికుంటాది, అన్నాను.

ఊరు సద్దుకున్నాది. మీ నాన సద్దుకోవాల కదా. ఎవులు ఊదీసినారో, వేరావలుకి కబురెలిపోనాది. ఎలుగుకన్నా బేగి పరిగెడతాది చాడీ. అప్పట్లో ఇంట్లో ఫోన్లెక్కడివి, కాశీబుగ్గలో ఎస్టీడీ బూతుకి ఫలానా రోజు రండి అని కబురెడితే ఎల్లి కూకోవాల. అద్దాల గది, లోపల ఎర్ర అంకెలు పరిగెడతా ఉండీవి, ఆటిని సూత్తే నాకు మాట వచ్చీది కాదు. ఆరోజు వచ్చినాది. దాన్ని పుట్టింటికి పంపీయమ్మా, పిల్లని నువ్వుంచుకో, అన్నాడు మీ నాన. సరే పంపుతాను, అన్నాను. దాంతోబాటు పిల్ల ఎల్తాది, ఆల్లతోబాటు నానూ ఎల్తాను, ఎండుసేపలు భావనపాడులో కూడా దొరుకుతాయి, నువ్వొచ్చి పొయ్యి ఎలిగించుకుని నువ్వే వండుకో, అన్నాను. కోడలి పచ్చం మాటాడతన్నావేటమ్మా అన్నాడు. దాని పచ్చం కాదురా, నాను నిజం పచ్చం అని ఫోను ఎట్టీసినాను. ఆడూ మల్లీ సెయ్యలేదు.

వానలు పడీ ముందర వచ్చినాడు. గుమ్మంలో నిలబడ్డాడు, గడ్డం పెరిగిపోయి, నల్లగా, భుజం మీద మూట. మీ అమ్మ నీల్లిచ్చినాది, పక్కనెట్టీసినాడు. నువ్వు వాకిట్లో ఆడుకుంటన్నావు. బిడ్డని సూసి ఆడి మొకం ఎలిగిపోనాది, ఎత్తుకుందామని రెండు సేతులూ సాపి వంగినాడు. నువ్వు ఆడ్ని గుర్తుపట్టలేదు కదా! కెవ్వుమన్నావు. నాను పక్కనే ఉన్నాను, నీకు నానే దగ్గర. నన్ను దాటీసి, మీ పెద్దమామ్మ అరుగుమీదుంటే ఆవిడ్నీ దాటీసి, పడతా లెగుత్తా పరిగెట్టి ఎల్లి మీ అమ్మ సీర కుచ్చిల్లలో మొకం దాసీసుకున్నావు. 

ఎవులు నేర్పినారు నీకది? ఏడాదిన్నర గుంటవి. భయమేత్తే ఎటు పరిగెట్టాలో నీ కాల్లకి తెలిసినాది. నిన్నొదిలీసి పారిపోయిన తల్లని ఊరంతా అన్నాది కదా, ఆ తల్లికాడికే పారిపోనావు.

మీ నాన అలాగే సేతులు సాపి ఉండిపోనాడు. తరవాత మూట దించినాడు. పక్కనెట్టిన నీల్లు తీసుకుని తాగీసినాడు. మా తోటికోడలు అరుగు దిగి ఇంటికెలిపోనాది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎత్తిన మనిసి లేడు, ఇదిగో నువ్వే, ఇయ్యాల.

మీ అమ్మ ఇప్పటికీ జీడితోటకెల్తంది, అవునా? ఆకు కదిలితే ఒనుకుతాది. పక్కోలు సెప్పినారు నాకు, మొకం పాలిపోతాదంట. ఒనుకుతా ఒనుకుతానే నీ కాలేజీకి పంపినాది. నీకు తెలీదు కదా. సెప్పదు అది.

కల్లు తుడుసుకో. రేపు ఆ గుంట బస్సులో మల్లీ ఆ మాటంటే తగువు ఆడకు. అవును, పారిపోనాది మా అమ్మ అను. అందరికీ ఇనిపించీలాగ గట్టిగా అను. మరి మీ మామ్మ కూడా పారిపోనాది కదా, ఎనక్కి ఎల్నాదా అని అడుగు. అంతే అడుగు, ఇంకేటీ అనొద్దు.

నా తల్లే, నా బంగారవే, నూరేల్లు బతుకు. భయమేత్తే పరిగెట్టు, నానేటీ అనను. బతికుంటే ఎనక్కి రావచ్చు. ఎల్లు, అదిగో గేటు సప్పుడైనాది, మీ అమ్మొచ్చినాది గావాల. ఎదురెల్లు. ఆ సేతిలో బుట్ట అందుకో.